సమాధి రాళ్ళ షెడ్డులో గమ్‌బూట్లు

మొన్న మా పక్క ఫ్లాటులో బాత్రూం టైల్సు మారుస్తుంటే గ్రైండరు రొద భరించలేక వెళ్ళి తలుపు తట్టాను. టైల్సు కోసే మనిషి నీళ్ళలో వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నాడు. రొద సంగతి మరిచిపోయి కాళ్ళ సంగతి అందుకున్నాను. ముందు మిషను ఆపు, కాళ్ళకు ఏదన్నా తొడుక్కో, ఆ వైరు అతుకు నీళ్ళలో పడి ఉంది చూడు అని పది నిమిషాలు వాయించాను. "ఏం కాదులెండి, రోజూ చేసే పనే" అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు. ఎనభైల్లో, ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్ళే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో, మా పెద్దమావయ్య నోట ఆ మాట విని విని నా చెవులు తుప్పు పట్టాయి.

మావయ్యది సమాధి రాళ్ళు చేసే పని. క్వారీల్లో మిగిలిన నల్ల బండలు తెచ్చి, కరెంటు మిషనుతో నీళ్ళు పోస్తూ నునుపు చేసి, ఉలితో పేర్లు చెక్కేవాడు. చుట్టుపక్కల ఏ చర్చిలో ఎవరు పోయినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. అత్తయ్య పోయిన ఏడాదే నేను ఒంగోల్లో బీఎస్సీలో చేరాను. మిరప చేల మధ్య ఊళ్ళో బడిపంతుళ్ళు మా అమ్మానాన్నలు. మావయ్యకు వంట, నాకు చదువు, ఇద్దరికీ తోడు అనుకుని నన్ను షెడ్డు వెనకాలే ఉన్న ఆయన ఇంట్లో దింపిపోయారు. తోడు సంగతి దేవుడికే తెలియాలి. పిల్లల్లేని మనిషి, భార్య పోయాక రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. నేనేమో గోడతోనైనా తగువు పెట్టుకునే రకం. సాయంత్రం బస్సు దిగి వస్తే రోడ్డు మీద బండల లారీలు, అన్నం గిన్నె మూత మీద కూడా రాతి దుమ్ము, పలకరించే దిక్కు లేదు. అందుకని పోట్లాట పెట్టుకునేదాన్ని. పోట్లాడితేనే ఆయన నోరు తెరిచేవాడు.

పోట్లాటకు కారణం వెతుక్కోనక్కర్లేదు. సమాధి రాయి మీద పని మొదలెట్టేముందు మావయ్య చెప్పులు విప్పి షెడ్డు బయట పెట్టేవాడు, చర్చి గుమ్మం దగ్గర విప్పినట్టు. ఆ తర్వాత మడమల్లోతు నీళ్ళలో నిలబడి మిషను ఆన్ చేసేవాడు. దానికి మూడు పిన్నుల ప్లగ్గు కూడా లేదు. రెండు వైర్లు సాకెట్టు కన్నాల్లో దూర్చి అగ్గిపుల్లలు బిగించేవాడు. అప్పుడే ఫిజిక్సు చదువుతున్న నాకు ఒళ్ళు మండిపోయేది.

"సమాధి దగ్గర చెప్పులేసుకుని నిలబడతామా అమ్మాయ్?"

"పేరు చెక్కాక సమాధి. ఇప్పుడది ఉత్త బండ. నువ్విట్టాగే చేస్తే నీ పేరు నేను చెక్కించాల్సొస్తుంది."

"నా పేరు చిన్నదేలే. తొందరగానే అయిపోతుంది."

ఒంగోల్లో మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు గమ్‌బూట్లు కొనుక్కొచ్చాను. వాటిని కిటికీ కింద బుద్ధిగా పెట్టాడు. నెల తిరక్కుండా ఎడమ బూటులో మా కోడి గుడ్లు పెట్టింది. దాని పాటి ఇంగితం కూడా నీకు లేదన్నాను. చివరికి, కాళ్ళ కింద ఒక చెక్క పలక వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. అదే నా గెలుపనుకున్నాను.

రెండో ఏడు మే నెలలో షెడ్డులోకి ఒక బండ వచ్చింది. ఎవరిదో చెప్పలేదు గానీ నాకు తెలుసు. ఊరందరికీ రాళ్ళు చేసినవాడు భార్య సమాధికి మాత్రం సిమెంటు దిబ్బ, కర్ర సిలువతో సరిపెట్టాడని చర్చిలో ఆడవాళ్ళు ఆయనకు వినపడేట్టే అనుకునేవాళ్ళు. ఆ రోజు చెప్పులతోపాటు పలకనూ పక్కకు నెట్టేశాడు. నేను వంటింట్లో ఉన్నాను. కాసేపటికి మిషను చప్పుడులో తేడా వచ్చింది. రాయిని ఒరుస్తున్న చప్పుడు కాదది, ఉత్తినే తిరుగుతున్న చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, ఆయన చెయ్యి మిషనుకు అతుక్కుపోయి ఉంది. మెడ నరాలు తేలాయి. మనిషిని ముట్టుకోకూడదు, ముందు మెయిన్ ఆపాలి అని ఆయనకు వందసార్లు పాఠం చెప్పినదాన్ని, నా చెయ్యి ముందు ఆయన వైపే వెళ్ళింది. సగంలో వెనక్కి లాక్కుని, పరిగెత్తి మెయిన్ కిందికి లాగాను.

నీళ్ళలో కూలబడ్డాడు. అరచెయ్యి కమిలిపోయింది. తిట్లన్నీ సిద్ధంగానే ఉన్నాయి గానీ నోటికి రాలేదు.

"నువ్వు పోతే నేనెవరితో పోట్లాడాలి మావయ్యా?"

కమిలిన చేతికి చొక్కా కొస చుట్టుకుంటూ అన్నాడు. "మిగతావాళ్ళ రాళ్ళకు నువ్వు చెప్పినట్టే బూట్లేసుకుంటా. మీ అత్తయ్య రాయి దగ్గర మాత్రం నా వల్ల కాదే."

"అయితే దానికి మిషను వద్దు."

"సరే" అన్నాడు, ఇంకేమీ బేరమాడకుండా.

మర్నాడే ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఎర్తు వేయించాను, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించాను. కోడి బూటు ఖాళీ చేసింది. పగలంతా మావయ్య బూట్లేసుకుని ఊళ్ళో వాళ్ళ రాళ్ళు చేసేవాడు. సాయంత్రం బూట్లు విప్పి, మెయిన్ తనే ఆపి, అత్తయ్య బండ ముందు వట్టి కాళ్ళతో కూర్చుని, సాన రాయితో, నీళ్ళతో, చేత్తో రుద్దేవాడు. ఇక పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు. నేను గుమ్మంలో పుస్తకం పట్టుకు కూర్చునేదాన్ని. ఆయన పెదవులు అప్పుడప్పుడు కదిలేవి, నాతో కాదు. ఒకసారి ఉండబట్టలేక, మిషను బాగుంది కదా, బూట్లేసుకుంటే పూట పని అన్నాను. బండ మీద ఇంకో చెంబు నీళ్ళు పోసుకున్నాడు. ఆ ఇంట్లో నేనున్న మూడేళ్ళలోనూ అంత ఒంటరిగా ఎప్పుడూ లేను. క్రిస్మస్ ముందు వారం రాయి పూర్తయింది. నల్లటి నీళ్ళలో చూసుకున్నట్టు మొహం కనపడేది అందులో.

పూటలో అయ్యే పనికి ఆయన ఏడు నెలలు తీసుకున్నాడు. అవి అత్తయ్యతో గడపడానికి ఆయనకు మిగిలిన ఆఖరి ఏడు నెలలని, వాటిని తొందరగా ముగించాలనుకున్నది నేనొక్కదాన్నేనని తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.