గడప ఉన్న పడవ

తలుపుల మేస్త్రి ఒక మోటారు పడవను మూడు రోజులు నీళ్ల అడుగున నడిపాడు. చేపలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాయి. ఒక పెద్ద చేప పడవలోని గది తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడిగిందంటారు గానీ అది నమ్మేది కాదు. ఆ తలుపుకు గొళ్ళెం బయటే ఉంది, తట్టాల్సిన పనేముంది? మిగతాది మాత్రం జరిగింది జరిగినట్టే.

మేస్త్రి ముప్ఫై ఏళ్లుగా తలుపులు, కిటికీలు చేస్తున్నాడు. ఆయన బిగించిన తలుపు మూస్తే లోపలి పోట్లాట బయటికి వినపడదని, కొత్తగా పెళ్లయినవాళ్లు వరస కట్టి మరీ చేయించుకునేవారు. పడవ మాత్రం మామగారిది. ఏటికి వంతెన పడేదాకా మనుషుల్ని దాటించి, ఆయన పోయాక ఒడ్డున బోర్లా పడి ఉంది. మేస్త్రి భార్య చిన్నప్పుడంతా ఆ పడవ ముందు చెక్క మీదే కూర్చుని పెరిగింది. తండ్రి పోయాక మళ్లీ ఏ పడవా ఎక్కలేదు. ఆమెను మళ్లీ ఆ చెక్క మీద కూర్చోబెట్టాలని మేస్త్రికి పట్టుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే బావమరిది వీధంతా చాటేస్తాడు.

పడవను లారీ మీద తెచ్చి పెరట్లో రేకుల కింద పెట్టాడు. బట్టలారేసే తీగ వీధివైపుకు మారింది. రెండేళ్లు పట్టింది. పుచ్చిన చెక్కలు ఏడు మార్చాడు. పంపుల మెకానిక్కైన బావమరిది ఇంజను విప్పి, తిట్టి, మళ్లీ బిగించాడు. ముందు చెక్క అంచున మేకుతో గీసిన వంకర పడవ బొమ్మ ఒకటి ఉంది. అక్కడికి వచ్చేసరికి మేస్త్రి చెక్క రుద్దే ఉప్పుకాగితం పక్కన పెట్టేసేవాడు. ఆ తర్వాత చేతులు ఊరుకోక పడవ మధ్యలో చిన్న గది కట్టాడు. దానికి రెండు రెక్కల కిటికీ, తలుపు, తలుపుకు గడప.

"బావా, పడవకి గడపేంటి? కాలు తగిలి ఏట్లో పడాలనా?"

"గడప లేకపోతే తలుపు ఎక్కడ ఆగుతుందిరా?"

"అయితే కాలింగ్ బెల్ కూడా పెట్టు. మొసళ్ళు చెప్పకుండా వచ్చేస్తాయి."

రెండేళ్లు నీడపట్టున ఆరిన చెక్కల మధ్య గోరు దూరేంత సందులు పడ్డాయి. సందు చూస్తే మేస్త్రికి నిద్ర పట్టదు. రంపపు పొట్టును జిగురుతో కలిపి, తలుపులకు పూసినట్టే పూసి, నున్నగా రుద్ది, రంగు వేశాడు. చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత మెరుపు.

ఏట్లో దించితే నిండా పది బారలు పోలేదు. పూసిన పొట్టు పెచ్చులు పెచ్చులుగా ఊడి పైకి తేలింది. నీళ్లు పాదాలు ముంచాయి.

"బావా, గడప పనికొచ్చింది! నీళ్లు ఇక్కడే ఆగాయి!" అని అరిచాడు బావమరిది, ఒక చేత్తో తోడిపోస్తూ.

ఒడ్డుకు లాగాక మేస్త్రి ఎవరి మొహమూ చూడలేదు. "అడుగంతా రేకు కొట్టేస్తా. చుక్క రాదు."

"రేకు కొడితే నేనెక్కను," అంది ఒడ్డున నిలబడ్డ భార్య. అప్పటిదాకా ఆమె ఎక్కడం ఊసే ఎత్తలేదు.

మేస్త్రి చేతిలో తాడు జారింది. "కొట్టకపోతే ఎక్కుతావా?"

"ముందు ఆ పొట్టంతా గీకండి. తర్వాత ముంచండి."

"ముంచాలా? రెండేళ్లు ఆరబెట్టింది ముంచడానికా?"

"నాన్న ఏటా ముంచేవాడు. చెక్క నీళ్లు తాగి ఉబ్బితే సందులు అవే మూసుకుంటాయి. మీరు దీన్ని తలుపనుకుంటున్నారు."

మాట తగలాల్సిన చోటే తగిలింది. వానాకాలమంతా ఉబ్బిన తలుపులకు చిత్రిక పట్టి బతికినవాడికి ఉబ్బడమంటే పగవాడితో సమానం. అయినా మర్నాడే ఉలి పట్టి పొట్టంతా గీకాడు. ఆమె పక్కనే కూర్చుని, తారులో ముంచిన నూలు తాడును మొద్దు ఉలితో సందుల్లోకి కూరింది. ఆ చెయ్యి ఆ పని మర్చిపోలేదు. ఇంజను దించారు, పడవను ఏట్లోకి నెట్టి లోపల రాళ్లు పేర్చారు. నీళ్లు తోడిపోసిన బక్కెట్టుతోనే మేస్త్రి లోపలికి నీళ్లు పోశాడు. నున్నటి పడవ, గది, గడపతో సహా బుడబుడమంటూ కిందికి పోయింది.

మూడు రోజులు పొద్దున్నించి సాయంత్రందాకా ఒడ్డునే కూర్చున్నాడు.

"మేస్త్రీ, ఏం చూస్తున్నావ్?" అని అడిగేవారు దారిన పోయేవాళ్లు.

"పడవ."

"ఏదీ?"

"కింద."

నాలుగో రోజు రాళ్లు తీసి, తాళ్లతో లాగి, నీళ్లు తోడేశారు. మేస్త్రి వంగి సందుల మీద గోరు నడిపాడు. ఎక్కడా దూరలేదు. ఇంజను బిగించి నీళ్ల మీదికి నెట్టాక, అడుగున పాత పేపరు పరిచి గంటసేపు చూశాడు. ఒక మూల తప్ప అంతా పొడే.

భార్య గడప దాటి వెళ్లి ముందు చెక్క మీద కూర్చుంది. వేలు దానంతటదే అంచు తడిమింది.

"ఈ బొమ్మ గీకెయ్యలేదేం?"

"ఉప్పుకాగితం అయిపోయింది," అన్నాడు మేస్త్రి ఇంజనుకేసి చూస్తూ.

నీళ్ల అడుగున నడిపిన కథ బావమరిది పుణ్యమే. ఇప్పటికీ ఎవరైనా తలుపుల కొట్టుకు వచ్చి నిజమేనా అని అడిగితే, మేస్త్రి చిత్రిక ఆపకుండానే చెబుతాడు: "నడపలేదు. ముంచాను. అది కూడా ఆవిడ చెబితేనే."