పన్ను కట్టిన కారులో మా నాయన

మొన్న ఆదివారం మా అమ్మాయి హైదరాబాదులో కొన్న పాత కారుకు ఇక్కడి కర్ణాటక పన్ను కట్టింది. కాడుగోడిలోని మా ఇంట్లో సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, నా కాఫీ పూర్తయ్యేలోపు ఫోనులోనే ఆ పని కానిచ్చేసింది. రసీదు ఏదమ్మా అంటే ఫోనే చూపించింది. నాకు కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజం, ఎందుకంటే మా ఇంటి మొదటి కారుకు పన్ను కట్టిన రోజు మాకు ఏ పండగకూ తీసిపోని రోజు.

నేనప్పుడు బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మా నాయన కె.ఆర్.పురంలో ఒక సావుకారి దగ్గర డ్రైవరుగా చేసి మానుకున్న మనిషి. బతుకంతా ఒకరి కార్లు తుడిచిన ఆయన్ని సొంత కారులో కూర్చోబెట్టాలన్నది నా పంతం. మదనపల్లెలో మా చిన్నాన్న తన కారు అమ్ముతున్నాడని తెలియగానే కొనేశాను. పక్క రాష్ట్రం బండి ఇక్కడే ఉండిపోతే ఇక్కడి పన్నూ కట్టాలి. ఇక సలహాలకు కొదవా! ఆంధ్రా నంబరు అలాగే ఉంచెయ్, పోలీసులు ఆపితే పెళ్లికి వచ్చామని చెప్పు, అందరూ చేసేది అదే కదా అన్నారు. మేడమీద గది కోసం దాచుకున్నది పన్నుకు పోతుందన్న బాధలో నాకూ ఆ మాట తియ్యగానే వినిపించింది.

మా నాయన మాత్రం ససేమిరా అన్నాడు. ఆ సావుకారి కారుదీ పక్క రాష్ట్రం నంబరే. ఆపిన ప్రతిసారీ చేతులు కట్టుకుని, పెళ్లికి వచ్చినామని చెప్పింది ఈయనే.

"ఆయప్ప కూడు తింటిని, ఆయప్ప కోసం అబద్ధం చెప్తిని. నా కొడుకు కారులో కూడా తల దించుకోమంటావా అప్పా?" అన్నాడు.

గది సంగతి తర్వాత చూసుకుందామని, మదనపల్లె నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌వోసీ కాగితం తెచ్చుకుని, ఫ్యాక్టరీలో మిగిలిన ఒక్క రోజు సెలవూ పెట్టి, నాయన, అమ్మ, నేను ముగ్గురం రవాణా ఆఫీసుకు వెళ్లాం.

అక్కడ ఇన్‌స్పెక్టరు బండి చట్రం మీద చెక్కి ఉన్న చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాలి, ఆ అచ్చు పాత కాగితాలతో సరిపోవాలి. బానెట్ ఎత్తి చూస్తే నంబరే లేదు! ముందురోజు పూజలో మా అమ్మ, బిందెల మీద పేరు చెక్కించినట్టు కారు పేరు అక్కడ చెక్కించారనుకుని, నూనెలో కలిపిన పసుపు దానిమీదే దిట్టంగా మెత్తింది. ఇంజను వేడికి అది కాస్తా గట్టిపడింది. నాకేమో మళ్లీ సెలవు దొరకదు.

ఇన్‌స్పెక్టరు నవ్వాపుకుంటూ, "ఏనమ్మా, కారుకు పూజ చేసినావా, పెళ్లికూతుర్నే చేసినావా?" అన్నాడు.

"తప్పయిపోయింది స్వామీ, రెండు నిమిషాలుండు," అంటూ మా అమ్మ కొత్త చీర కొంగు పక్క కొట్లో తెచ్చిన కొబ్బరినూనెలో ముంచి ఒక్కొక్క అంకెనే తుడిచింది. ఆ కొంగు మీది మరక చివరిదాకా పోలేదు, పోగొట్టాలని ఆమె ప్రయత్నించనూ లేదు. అచ్చు చక్కగా పడింది, పన్ను కట్టాను. రసీదును మా నాయన ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టుకుని పదిసార్లు తడుముకున్నాడు.

కర్ణాటక నంబరు పలక బిగించిన రోజు ఆయనే బండి నడిపాడు. ఎక్కడ పోలీసు కనిపించినా కావాలనే వేగం తగ్గించి, అద్దం దించి, నిటారుగా కూర్చుని ఆ పోలీసు కళ్లలోకి చూశాడు. మా దురదృష్టం, ఒక్కరూ ఆపలేదు. ఆ తర్వాత మా నాయన ఉన్నన్నాళ్లూ ఎవరూ ఆపలేదు. అయినా ఆయన ఒక్కసారీ తల దించుకోలేదు. ఆ తండ్రి కొడుకునని చెప్పుకోవడానికి నాకిప్పటికీ గర్వమే.

ఇప్పుడు కూడళ్లలో కెమెరాలే నంబర్లు చదివేస్తున్నాయి, కాగితం అడిగే అవసరం ఎవరికీ లేదు. అయినా నిన్న మా అమ్మాయి ఫోనులోని రసీదును అచ్చు తీయించి, నా చొక్కా జేబులో పెట్టుకుని కారులో ఆమె పక్కన కూర్చున్నాను. పోలీసు కనిపించినప్పుడు నా చెయ్యి దానంతటదే అద్దం దించింది. మా నాయన తరఫునైనా ఒక్కసారి ఎవరైనా ఆపితే బాగుండు.