ఫహాహీల్‌లో అన్న సినిమా

అన్న పోయాడన్న కబురు తెలిసేసరికి నేను కువైట్‌లో, అల్ రాయ్‌లో గోడౌను ముందు వ్యాను ఆపి టైర్లు దించుతున్నాను. ఫోన్లో ఆయన ఫొటో, కింద ‘ప్రముఖ దర్శకుడు’ అని. మా పెదనాన్న కొడుకు. గుండెపోటట. నాకు టికెట్టు దొరికేలోపే అక్కడ అంత్యక్రియలు అయిపోయాయి.

ఆయన అవార్డుల గురించి మీరంతా చదివే ఉంటారు. మొదటి రెండు సినిమాలను ఎవరూ చూడని రోజులు నాకు తెలుసు. నెమ్మదైన మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల చేతుల వంక చూసేవాడు. ఏ ఇంటికి పోయినా వంటగది గడప దగ్గరే కూర్చునేవాడు. “మనిషి ఊరికే కూచోనుండేదానికి గూడా సినిమాలో చోటుండాల అబ్బీ” అనేవాడు. ఆ ఊరికే కూర్చోవడమే జనానికి పడలేదు.

మూడోది తీశాక, కువైట్‌లో మనవాళ్లకు చూపిస్తానని వచ్చాడు. రాళ్ల క్వారీలో కొడుకును పోగొట్టుకున్న తల్లి కథ. ఫహాహీల్‌లో చిన్న హాలు, శుక్రవారం మధ్యాహ్నం. రాజంపేట వాళ్లనూ జగిత్యాల వాళ్లనూ నేనే వ్యాన్లో తీసుకుపోయాను. వారమంతా ఎండలో పనిచేసిన ఒళ్లు. ఏసీ గాలి తగిలిందో లేదో గురకలు మొదలయ్యాయి. వాళ్లను తట్టి లేపాల్సిన నేనూ నిద్రపోయాను. లైట్లు వెలిగాకే మెలకువ వచ్చింది.

బయట అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

“ఎట్లుంది అబ్బీ? నిజం చెప్పు. ఇది గూడా బాగలేకుంటే ఇంక మానుకుంటా.”

“చివర్లో ఆ తల్లి ఏడుస్తాంటే నాకూ ఏడుపొచ్చిందిన్నా” అన్నాను.

ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. “అట్లనా, సరేలే” అన్నాడు.

ఆ సినిమాకే పేరొచ్చింది. మానుకోలేదు, ఇంకా తీశాడు. నాకు ఎప్పుడు ఫోన్ చేసినా, “బాగా నిద్ర పోతాండావా?” అనే మొదలుపెట్టేవాడు. నా పని కష్టం తెలిసి అడుగుతున్నాడనుకున్నాను. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అంత పెద్దవాడయ్యాడు, ఇప్పుడెందుకులే అని మింగేశాను.

పోయిన శుక్రవారం ఆ సినిమాను మొదటిసారి చివరిదాకా చూశాను. ఆ తల్లి ఎక్కడా ఏడవదు. చివర్లో కొడుకు దోస్తులకు అన్నం వడ్డిస్తూ, ఏదో మాటకు నవ్వుతుంది.

ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. తర్వాత వదినకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

“నాకు తెలుసులే అబ్బీ. ఆ పొద్దే చెప్పినాడు మీ అన్న.”

ఆయన నొచ్చుకున్నాడా అని నేను అడిగేలోపే వదినే చెప్పుకుంటూ పోయింది. హాలు తలుపు తెరిచినప్పుడల్లా వెలుగు లోపలికి పడి, పడుకున్నవాళ్లు ఉలిక్కిపడుతున్నారట. అన్న లేచి వెళ్లి సౌండు తగ్గించమన్నాడట. సినిమా అయ్యేదాకా బయట ఆ ఎండలో, ఎవరూ తలుపు తియ్యకుండా గడియ పట్టుకుని నిలబడ్డాడట.