ఉత్తరపు ఒడ్డు నుంచి నూకాలమ్మను తెచ్చాం

బర్మాలో మొత్తమ (మార్తబాన్) అఖాతం ఉత్తరపు ఒడ్డు చూడాలనుకునేవారు యాంగూన్ నుంచి తొంగ్వా దాకా బస్సులో, అక్కడి నుంచి మోటార్‌సైకిలు మీద వెళ్ళవచ్చు. ఖర్చు తక్కువ, నడుము నొప్పి ఎక్కువ. మేం మాత్రం పడవ మాట్లాడుకున్నాం. అందుకు కారణం మా అమ్మవారు నూకాలమ్మ.

ఆ ఒడ్డున ఒకప్పుడు మా తెలుగువాళ్ళు వరి పండించిన ఊరు ఒకటుంది. పేరు చెప్పి లాభం లేదు, మీరు వెళ్ళేసరికి ఉంటుందో లేదో. సముద్రం ఏటా పొలాలను కొరుక్కు తినేస్తుంటే ఒక్కొక్క కుటుంబమే యాంగూన్ చేరుకుంది. చివరికి అక్కడ మిగిలింది గున్నయ్య తాత, అమ్మవారి గుడిసె. వచ్చే పున్నమి పోటుకు గుడిసె కింది గట్టు ఆగదని తాత ఫోన్ చేయించాడు. అమ్మవారిని యాంగూన్‌లో మేముండే తాకేటా పేటకు తెచ్చుకోవాలని మా పెద్దలు తీర్మానించారు.

ఎత్తుకొచ్చేది మా సింహాలత్త. తాకేటాలో పప్పు గారెలు వేసి అమ్ముతుంది. ఆమె తల్లి బతికున్నంతకాలం ఆ గుడిసెలో దీపం పెట్టింది. అమ్మోరు తన పెరట్లోకే వస్తుందని తెలిసిన రోజు నుంచి అత్తకు నిద్ర లేదు. సిమెంటు గద్దె కట్టించి, దానికి సున్నం వేయించి, పసుపు రాసి పెట్టింది.

మాలో ఒక నియమం ఉంది. ఎత్తుకున్న అమ్మవారిని చేరాల్సిన చోటు చేరేదాకా కింద పెట్టకూడదు. ఒళ్ళో ఉంచుకోవచ్చు. కింద పెట్టారంటే అదే ఆవిడ చోటు, మళ్ళీ ఎత్తడానికి లేదు. బస్సులో అయితే కండక్టర్ ఊరుకోడు, సీటు కింద తోసేయమంటాడు. అందుకే పడవ. అత్తకు తోడుగా నన్ను పంపారు. నేను యాంగూన్‌లోనే లతా అనే పేటలో ఫ్యాన్లు అమ్మే కొట్లో పనిచేస్తాను. భక్తి అంతంతమాత్రం గానీ ఆ తీరం చూడాలని మహా సరదా.

శనివారం తెల్లవారుజామున అయిదింటికి పజుండాంగ్ కాలువ రేవులో పడవ ఎక్కాం. ముందురోజు పబేడాన్ బజారులో కొన్న ఇడ్లీలు, మంచినీళ్ళ డబ్బాలు వెంట ఉన్నాయి. పడవ చెక్కది, పైన రేకు కప్పు. ఇంజను మోతకు చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. పడవ ముక్కు దగ్గర బర్మా పడవలన్నిటికీ ఉన్నట్టే నీళ్ళను కాచే దేవుడు ఉ షిన్జీకి పూలు, ఆకులు కట్టి ఉన్నాయి. నడిపేది కో టిన్. తాకేటాలో అత్తకు మూడిళ్ళ అవతల ఉంటాడు. చిన్నప్పటి నుంచి మా వాళ్ళ మధ్యే తిరిగాడు కాబట్టి తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం బర్మీస్‌లోనే చెబుతాడు. ఆ మాటలను ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"డా సింహా, ఈ పిల్లాడికి ఈత వచ్చా?" అని నన్ను చూపించి అడిగాడు. డా అంటే బర్మీస్‌లో అమ్మగారు. నాకు నలభై నాలుగేళ్ళు.

"ఆడికి తిండం వొచ్చు" అంది అత్త.

తిలవా ఓడరేవు దగ్గర నిలిచిన ఓడలను దాటుకుంటూ ఆటు నీటితో పాటే దిగి, పదిన్నరకు అఖాతంలో పడ్డాం. అక్కడి నుంచి తూర్పుకు తిరిగి ఒడ్డు వెంట ప్రయాణం. ఇసుక, కొబ్బరిచెట్లు ఊహించుకుని వెళ్ళకండి. నీళ్ళు టీ రంగులో ఉంటాయి. ఒడ్డంతా బురద, దాని మీద లెక్కలేనన్ని పిట్టలు. నిలువునా విరిగిన మట్టి గట్లకు వరి దుబ్బులు ఇంకా వేలాడుతున్నాయి. ఒకచోట ఊరు కొట్టుకుపోగా దాని బావి ఒరలు మాత్రం బురదలో మనిషెత్తున నిలబడి ఉన్నాయి. నేను ఫోటోలు తీస్తుంటే అత్త మొహం తిప్పుకుంది.

"అది మా మేనమామోల నుయ్యిరా" అంది. ఫోన్ జేబులో పెట్టేశాను.

మధ్యాహ్నం మూడింటికి పోటు నీటి మీద చిన్న కాలువలోకి దూరి ఊరు చేరాం. రాత్రి గున్నయ్య తాత ఇంట్లోనే అన్నం, ఎండుచేపల పులుసు, పడక. హోటలు గదులు వెతికేవారికి ఈ దారి పనికిరాదు.

పొద్దున్న ఆరింటికల్లా బయలుదేరకపోతే నీళ్ళు అందవని కో టిన్ ముందే చెప్పాడు. కానీ తాత ఊరుకుంటేనా! ఆడపిల్లను అత్తారింటికి పంపేటట్టు పంపుతానని పట్టుబట్టాడు. చలిమిడి చేసి, అత్త కొంగులో ఒడిబియ్యం కట్టి, అమ్మవారిగా కొలిచే కొబ్బరికాయంత పసుపు రాయికి చీరముక్క చుట్టాడు. చుట్టింది విప్పాడు, మళ్ళీ చుట్టాడు. ఆ ముసలాయనను తొందరపెట్టడానికి ఎవరికీ నోరు రాలేదు.

"నువ్వు కూడా వొచ్చీ తాతా" అన్నాను.

"నానేటి సేస్తాను బాబూ పట్నంలో? కొడుకు లోపలూళ్ళో గుడిసేసినాడు. అమ్మోర్ని జాగర్తగా దిగబెట్టండి, అంతే సాలు" అన్నాడు.

ఏడు దాటాక కదిలాం. గంట తిరక్కుండానే పడవ అడుగు బురదకు తగిలి ఆగిపోయింది. చూస్తుండగానే నీళ్ళు ఎటో వెళ్ళిపోయాయి. మళ్ళీ పోటు వచ్చేదాకా ఎండలో కూర్చోవడమే. అత్త ఒళ్ళో అమ్మవారు, చేతులు చుట్టూ కట్టేసినట్టు. తాత ఇచ్చిన చలిమిడి నేనే నోట్లో పెట్టాను. తిమ్మిరెక్కిందని కాళ్ళు చాపింది గానీ చెయ్యి వదల్లేదు.

ప్రొపెల్లర్‌కు పాత వలముక్క చుట్టుకుని ఉంది. నీళ్ళు వచ్చాక ఇంజను తిరగకపోతే ప్రమాదమని, ఇంకా టైముందని, కో టిన్ కత్తి పట్టుకుని దిగాడు. వల కోసేశాడు. తిరిగి ఎక్కబోతే కాళ్ళు రాలేదు. కదిలినకొద్దీ తొడల దాకా దిగబడ్డాడు. అప్పుడు వినిపించింది, దూరంగా లారీలు వస్తున్నట్టు మోత. ఆ చివర నుంచి ఈ చివర దాకా తెల్లటి గీత. పోటు అనుకున్నదానికంటే ముందే వస్తోంది. ఈ అఖాతంలో అది మెల్లగా పెరగదు, అలలా లేచి పరుగెత్తుకొస్తుంది.

తాడు విసిరి లాగాను. కో టిన్ బరువుకు నేనే ముందుకు జారాను. "లాగు, లాగు!" అని అరుస్తున్నాడు. గీత కాస్తా గోడయింది. ఓరి దేవుడా, ఆయన మా కళ్ళ ముందే పోతాడనుకున్నాను.

నా పక్కన ఇంకో రెండు చేతులు తాడు పట్టాయి. అత్తవి. ఇద్దరం కాళ్ళు పడవ అంచుకు తన్ని లాగాం. కో టిన్ లుంగీని, చెప్పులను బురదకే వదిలేసి పైకొచ్చి పడ్డాడు. మరుక్షణం అల పడవను ఎత్తి కుదేసింది. తడిసి ముద్దయ్యాం. ఇంజను మాత్రం మొదటి తిప్పుకే అందుకుంది.

నా లుంగీ ఒకటి కో టిన్‌కిచ్చి వెనక్కి తిరిగాను. నూకాలమ్మ పడవ ముక్కు దగ్గర, ఉ షిన్జీ పూల పక్కన, చెక్క మీద ఉంది. అంత అలకూ కదల్లేదు. అత్త ఎదురుగా కూలబడి చూస్తోంది.

"ఎవరు చూశారత్తా? ఎత్తుకో" అన్నాను.

"నోర్ముయ్యి. నానే దించినాను. మరి ఎత్తకూడదు" అంది. అక్కడి నుంచి నది ముఖం దాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. పెరట్లో సున్నం వేసిన గద్దె నాకు గుర్తొచ్చింది.

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి పజుండాంగ్ రేవు చేరాం. డప్పులు, వేపమండలు, పసుపునీళ్ళ బిందెలతో తాకేటా తెలుగువాళ్ళంతా గట్టు మీదే ఉన్నారు. అత్త ఉత్త చేతులతో దిగేసరికి డప్పులు ఆగిపోయాయి.

"మనిసి బురదలో దిగబడిపోనాడు. అమ్మోర్ని పడవలో దించీసి ఆడ్ని లాగినాను. ఆవిడింక అక్కడే" అంది అత్త. ఒక్క మాట కూడా దాచలేదు.

"అయితే ఇప్పుడేటి సేద్దాం?" అన్నాడు మా పెద్దల్లో ఒకాయన. అందరూ పడవ మీది కో టిన్‌ను చూశారు. ఆ పడవ ఆయనకు బతుకుతెరువు, పైగా ఆయన బుద్ధుడికి మొక్కేవాడు. కాదన్నా ఎవరూ తప్పుపట్టరు.

కో టిన్ ముక్కు దగ్గర చుట్టిపెట్టిన తాళ్ళను తీసి వెనక్కి మార్చాడు. "ఇక్కడ ఎవరూ కాళ్ళు పెట్టకుండా చూస్తాను. దీపానికి గాజు చిమ్నీ తెచ్చుకోండి, గాలెక్కువ" అన్నాడు.

డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. ఆడవాళ్ళు నీళ్ళల్లోకి దిగి పడవకే పసుపునీళ్ళు పోశారు.

ఆ తీరం మళ్ళీ చూస్తానా అని అడిగితే చూస్తాననే చెబుతాను, అదే పడవలో, పున్నమికి దూరంగా, ఆరింటికే బయలుదేరి. ఆ నీళ్ళ దగ్గర మన మొహమాటాలు చెల్లవు. ఇంటికి సైకిల్ రిక్షాలో వెళ్తుంటే అత్త కొంగులో ఒడిబియ్యం తడిసి బరువుగా వేలాడుతున్నాయి. ఉండబట్టలేక అడిగాను.

"బాధగా లేదా అత్తా?"

"ఎందుకుండదురా? గుండెలు పిండినట్టే ఉంది" అంది. తడిసిన కొంగును ఒళ్ళోకి లాక్కుంది. "రేపు పొద్దున్న గారెల కోసం కో టిన్ పెల్లాం వొస్తాది. దానికి నా మొకం సూపించగలను, అది సాలు."