డబ్బా అంటే ఒప్పుకోని అత్త

డిసెంబరు ఎనిమిది, సోమవారం. పొద్దున్నే మొదటి ఆశ్చర్యం, మా ఇందా పేట వీధిలో పాత సామాన్లు కొనే బెంగాలీ దాదా కేక వెయ్యకుండా రావడం. రోజూ వీధి మొదట్నుంచే అరుచుకుంటూ వచ్చే మనిషి, ఖాళీ బండి మా గుమ్మం ముందు ఆపి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "దీదీ చోలే గేఛెన్" అన్నాడు. వెళ్ళిపోయింది ఏ దీదీ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ కలిసి ఉన్నది ఒక్క దీదీ. నాకు ఆవిడ అత్త.

రక్తసంబంధం లేదు. ట్రాఫిక్‌ అనే రైల్వే కాలనీలో మా అమ్మ పెరిగిన క్వార్టరు పక్క క్వార్టరు వాళ్ళది, అంతే. రైల్వే ఆఫీసులో కంప్యూటర్ మీద పనిచేసి రిటైరయ్యాక అత్త తన తమ్ముడి దగ్గరే, అంటే మా మావయ్య దగ్గరే, ఉండేది. ఆ ఇంటి వెనక వరండాలో, ఎవరో పారేసిన పాత కంప్యూటర్లు తెచ్చుకుని బతికించేది. నల్లటి తెర మీద పచ్చ అక్షరాలు వెలిగే రకం. నా వయసువాళ్ళు చాలామంది చూసి ఉండరు.

ఈ వారమంతా ఆవిడ ఓపిక గురించి, మంచి అలవాటు గురించి మాట్లాడేవాళ్ళు ఉంటారు. నమ్మకండి. అది పగ.

ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వచ్చాక, అత్త ఏళ్ళ తరబడి ముందు కూర్చున్న పాతవాటిని వెనక ఆవరణలో వానకి వదిలేశారు. రిటైర్మెంటు రోజు టీ పార్టీలో, కనీసం ఒక టార్పాలిన్ కప్పించమని ఆవిడ అడిగింది. అక్కడి పెద్దబాబు, అంటే హెడ్ క్లర్కు, మన తెలుగాయనే, సమోసా నములుతూ "డబ్బాలకి గొడుగేటమ్మా? నువ్వూ అయ్యీ ఒకేపాలి రిటైరు" అన్నాడట. అందరూ నవ్వారట. "ఆడి నోట్లో సమోసా ముక్క కూడా నవ్వినాదే" అని అత్త ఎన్నిసార్లు చెప్పేదో! చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక మర ఇంకాస్త గట్టిగా బిగించేది.

వాటిని వేలంలో దాదా కొన్నాడు. దాదా దగ్గర అత్త కొంది. ఒకసారి దాదా నోరు జారి "యే డబ్బా" అన్నాడని, అతని చేతిలో టీ గ్లాసు లాక్కుని చామంతి కుండీలో పోసేసింది. "డబ్బా అంటే లోపల ఏటీ లేంది. దీన్లో ఉంది. సూసి మాటాడు" అంది. ఆ తరవాత దాదా కూడా మిషన్ అనే అనేవాడు.

నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. మీటలన్నీ ఊడదీసి, కుంకుడు రసంలో కడిగి, డాబా మీద పాత చీర పరిచి వడియాల్లా ఆరబెట్టేవాళ్ళం. కాకి ఒకసారి ఒక అక్షరం ఎత్తుకుపోయింది. ధూళి మీద నోటితో ఊదబోతే వీపు మీద ఒక్కటిచ్చేది. "నీ తుంపర్లెందుకే దానికి? సైకిల్ పంపు కొట్టు." టంకం అనే మాట నేను ఆవిడ నోటే మొదటిసారి విన్నాను. వేడి ఈయం చుక్క పడినప్పుడు వచ్చే చిన్న చప్పుడు ఆ మాటలోనే ఉందనిపించి, ఇంటికి వెళ్ళే దారంతా అనుకుంటూ పోయాను.

ఏళ్ళ తరవాత కరెంటు చూసే యంత్రాన్ని ఎప్పుడూ నేరుగా ప్లగ్గులో పెట్టనిచ్చేది కాదు. దారిలో ఒక బల్బు కలిపి కొద్దికొద్దిగా పంపాలి. "నిద్దరోయినోల్ని సెంపమీద కొట్టి లేపుతామేటే? పేరెట్టి పిలవాల." మొదటి పచ్చ చుక్క వెలగగానే మాత్రం ఆ మెత్తదనం పోయేది. "పెద్దబాబూ, ఇదుగో సూడరా" అనేది ఖాళీ గోడకేసి.

ఇవాళ నేను మావయ్య ఇంట్లో ఉండగా ఆ పెద్దబాబు దండ పట్టుకుని వచ్చాడు. దండ వేశాడు, కళ్ళు తుడుచుకున్నాడు, అత్త తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "క్లబ్బులో పాత కంప్యూటర్ల గది తెరస్తన్నాం గదా. మీ అప్ప డబ్బాలన్నీ నాకిచ్చీ. రేపు తొమ్మిదింటికి వేన్ అంపుతాను. మజ్జాన్నం గెస్టుల ముందు మొదటి స్విచ్చి నేనే నొక్కుతాను."

మావయ్య తల ఊపాడు. బోర్డు మీద ఎవరి పేరుంటుందని నేను అడిగాను.

"సేకరణ అని నా పేరుంటది. మీ అత్తది కూడా కింద సిన్నగా ఏయిద్దాంలే, ఏడవకమ్మా."

నేను ఏడవడం లేదు. కోపానికి ముక్కు కారుతోంది.

బల్బు సంగతి ఆయనకి చెప్పకుండా ఊరుకుంటే చాలనుకున్నాను ముందు. నేరుగా ప్లగ్గులో పెడతాడు, అందరి ఎదుటా పొగ లేస్తుంది. కానీ కాలిపోయేది అత్త చేతిపని. మళ్ళీ ఆవిడకే నష్టం.

ఆయన వెళ్ళాక మావయ్యని పట్టుకున్నాను. "మాటెలా ఇచ్చేసినావు మావయ్యా?"

"సావింట్లో కాదనలేకపోనానే. ఇచ్చిన మాట తప్పలేను."

"ఏ మాట? ఆయన ఏటడిగినాడు?"

"డబ్బాలు" అన్నాడు మావయ్య. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వినబడి తలెత్తాడు. "అవును గదేటి. డబ్బాలే అడిగినాడు. డబ్బాలే ఇత్తాను. లోపలియ్యి కూడా ఇత్తానన్నానేటి?"

పొద్దుట్నుంచి రాని ఏడుపు అప్పుడు నవ్వులా బయటికొచ్చింది. గేటు దగ్గర నిలబడ్డ దాదా "కీ హోలో?" అని కంగారుగా లోపలికొచ్చాడు. ఏమైందో బెంగాలీలో చెప్పాను. పూర్తిగా విని, తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. "ఠీక్ హై. ఆమార్ గాడీ ఛోటాయ్" అన్నాడు. తన బండి పొద్దున్న ఆరింటికల్లా వస్తుందట.

అత్త ఉంటే క్షమించి ఉండేదేమోనని మీలో ఎవరైనా అనుకుంటే, ఆ సమోసా కథ ఇంకోసారి చదవండి.

రేపు పొద్దున్న మావయ్య మరలు విప్పుతాడు. నేను లోపలి బోర్డులన్నీ ఆవిడ నూలు చీరల్లో చుడతాను. దాదా వాటిని ఇందాలో మా మేడగదికి చేరుస్తాడు. వేరే తెరలు తను వెతికి తెస్తానన్నాడు. ఏది ఎక్కడ అతకాలో నాకు వచ్చు, నేర్పింది ఆవిడ. పెద్దబాబుకి వెళ్ళే పెట్టెల్లో గాజు తెరలు మాత్రం ఉంచేస్తాం. బరువంతా వాటిదే, మోసేవాళ్ళకి అనుమానం రాదు. వేన్ వచ్చేలోగా ఆ గాజుని మెత్తటి గుడ్డతో తుడుస్తాను. స్విచ్చి నొక్కి, అతిథుల ముందు నిలబడి ఎదురుచూసినంత సేపూ, వెలగని ఆ తెరలో ఆయన మొహం ఆయనకి మచ్చ లేకుండా కనబడాలి.