నాలుగో పట్టీ

పుంగనూరులో అక్కావాళ్ళ వీధి మొదట్లోనే నన్ను నేను చూసుకుని ఉలిక్కిపడ్డాను. కరెంటు స్తంభానికీ ఎదురింటి డాబాకీ మధ్య కట్టిన ఫ్లెక్సీలో తెల్ల చొక్కా, నల్ల టోపీతో నిలువెత్తున నవ్వుతున్నాను. కింద ఎర్రక్షరాలతో "మా కెప్టెన్ గారికి స్వాగతం" అని రాసి ఉంది. నేను కెప్టెన్ని కాను. తొమ్మిదేళ్ళుగా కుడివైపు సీట్లో కూర్చుంటున్న కో-పైలట్‌ని. నా భుజం మీద ఉండేవి మూడు పట్టీలు. ఫ్లెక్సీలో నాలుగున్నాయి. నాలుగో పట్టీ కెప్టెన్‌కి మాత్రమే ఉంటుంది.

కారు దిగి బావను పట్టుకున్నాను. బావంటే మా మేనత్త కొడుకే, మా అక్కను చేసుకున్నాడు. ఊళ్ళో ఎరువుల అంగడి ఉంది.

"యాల బావా నాలుగు పట్టీలు ఏయించినావు?"

"మూడైతే బోసిగా ఉండాదప్పా. ఇంగోటి ఎయ్యమని నేనే చెప్పినా. ఎట్లా అయ్యేదే కదా! ముందుగానే ఏస్తే నీ సొమ్మేం పాయె?"

ఇంకో రోజైతే నేనూ నవ్వేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. కంపెనీ లెక్క ప్రకారం నేనప్పుడు బెంగళూరులో నా గదిలో, జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాను.

నిజానికి ఆ రోజు మేమందరం జ్వరం తెచ్చుకున్నాం. మా కంపెనీ బయటి దేశాల నుంచి విమానాలు అద్దెకు తెచ్చింది. వాటితోపాటు వాటి కెప్టెన్లూ వచ్చారు. మాకు రావాల్సిన ఎడమవైపు సీట్లు, అంటే కెప్టెన్ సీట్లు, వాళ్ళతో నిండిపోయాయి. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నాతో ఎక్కువసార్లు ఎగిరినాయన మంచివాడు. కాంట్రాక్టు పొడిగిస్తారో లేదోనని ఆయనకూ ఆరు నెలలకోసారి దిగులే. కానీ ఆయన కూర్చున్న సీటు కోసం నేను మూడుసార్లు శిక్షణ జాబితా ఎక్కి మూడుసార్లూ దిగాను. ఇది నాలుగోసారి ఎక్కడం. ఒకటో తారీకు నుంచి శిక్షణ అన్నారు.

మాకో సంఘం ఉంది. ఉంది అంటే, లెటర్‌హెడ్ ఉంది. కార్యదర్శి అయిన ప్రతివాడికీ ఏడాది తిరగకుండా కంపెనీలో ఏదో ఒక పెద్ద కుర్చీ దొరికేది, ఆ తరువాత ఆయన గొంతు మెత్తబడేది. మేం రాసిన వినతిపత్రాలకు "అందినది" అన్న జవాబైనా రాలేదు. చివరికి నాకంటే రెండేళ్ళు ముందు చేరిన కో-పైలట్ ఒకడు వాట్సాప్ గ్రూపు పెట్టాడు. పరీక్షలప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివించిన స్నేహితుడు వాడు. ఒక్కరోజు అందరం కలిసి ఒంట్లో బాగాలేదని చెబుదాం, విమానాలు ఎవరు నడుపుతారో చూద్దాం అన్నాడు. వందమందికి పైగా చేరాం.

ఏ రోజు అన్న మాట వచ్చినప్పుడు గురువారం అన్నది మాత్రం నేనే. ఎందుకన్నానో ఎవరికీ చెప్పలేదు. గురువారం అక్క కూతురికి చెవులు కుట్టే ముహూర్తం. మావైపు ఆడపిల్లకు చెవులు కుట్టేది మేనమామ ఒళ్ళోనే. మేనమామ లేకపోతే ముహూర్తమే మారుస్తారు, లేకుంటే ఏళ్ళ తరబడి దెప్పుతారు. సెలవు అడిగితే ఇవ్వరని నాకు తెలుసు. అందుకని అందరి పోరాటంలో మా ఇంటి ఫంక్షన్ని ఇరికించాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తెల్లవారే మదనపల్లెలో మా ఇంటి దగ్గర బయల్దేరి నాయన, నేను కార్లో వచ్చాం. అమ్మ ముందురోజే అక్క దగ్గరికి వచ్చేసింది. ముహూర్తానికి పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కంసాలి ఆచారి బంగారు తీగ పైకెత్తగానే పాప నా చొక్కా పట్టుకుని ఏడుపు లంకించుకుంది. బావ ఫోనెత్తి ఫోటో తీశాడు. తీస్తున్నప్పుడు చూశాను, వద్దనాలని తోచనేలేదు. చుట్టాలు అక్షింతలు వేస్తున్నారు, నేను కూడా పెద్ద కెప్టెన్‌లాగే నవ్వుతున్నాను.

అరగంటలో ఆ ఫోటో, దాని పక్కనే ఫ్లెక్సీ, బావ స్టేటస్‌లో ఉన్నాయి. బావ స్నేహితుడొకడు బెంగళూరు విమానాశ్రయంలో పనిచేస్తాడు. వాడు ముచ్చటపడి తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు. అక్కడి నుంచి అది ఎవరెవరి చేతుల్లో నడిచిందో నాకు తెలియదు. ఆకు ముందు కూర్చుని పప్పన్నం కలుపుకుంటుంటే ఫోన్ మోగింది. మా డ్యూటీలు చూసే కార్యాలయంలో పెద్దాయన.

"జ్వరం తగ్గిందా?" అన్నాడు చాలా మర్యాదగా.

కలిపిన ముద్ద ఆకులోనే వదిలేశాను.

"పాప ముద్దుగా ఉంది. నాలుగు పట్టీలు మీకు బాగా నప్పాయి. ఒకటో తారీకే కదా మీ శిక్షణ? ఈ రోజు సెలవు పెట్టమని మీకు ఎవరు చెప్పారో సాయంత్రం నాలుగింటిలోపు మెయిల్ రాయండి. ఒక్క పేరు చాలు. లేదా డాక్టరు సర్టిఫికెట్ పంపండి. రెండూ లేకపోతే ఆ జాబితాలో మీ పేరుండదు. అందరూ రాస్తున్నారు, మీరొక్కరే మిగిలారు."

చెయ్యి కడుక్కుని గ్రూపు తెరిచాను. మాటలేమీ లేవు. ఫలానావారు గ్రూపు నుంచి వైదొలగారు, ఫలానావారు వైదొలగారు అని వరుసగా వస్తూనే ఉన్నాయి. పొద్దున నూరుమంది దాటి ఉన్నవాళ్ళం, చూస్తుండగానే ముప్పైకి దిగాం. నా స్నేహితుడి నుంచి ఒకే ఒక్క సందేశం ఉంది: "ఎవరినీ తప్పు పట్టను. జాగ్రత్త." నాకు భయం వేసింది. ఆ భయంలో వాడి పేరు టైపు చేస్తే ఎలా ఉంటుందో కూడా ఒకసారి ఊహించుకున్నాను.

బావతో ఏమీ అనలేదు. అంటే ఏడుస్తాడు. నాయనను పక్కకు పిలిచి చెప్పాను. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనాయన. అంతా విని, తుండుతో మూతి తుడుచుకున్నాడు.

"కుప్పంలో నాకు తెల్సిన డాక్టరుండాడు. నా బండిలోనే తిరిగినోడు. జొరమని రాయమంటే రాస్తాడు. పదప్పా, పోదాం."

"ఫోటో చూసినారు కదా నాయనా."

"జొరమొచ్చినోడు మేనకోడల్ని ఒళ్ళో పెట్టుకోకూడదా? పద."

పలమనేరు, వి.కోట మీదుగా పోయే ఆ దారి నాయనకు కొట్టినపిండి. నేను నడుపుతుంటే ఎడమ సీట్లో కూర్చుని, ప్రతి మలుపులోనూ లేని బ్రేకు కాలితో తొక్కుతున్నాడు. నాకు మాత్రం దారి కంటే గడియారమే ఎక్కువ కనబడుతోంది. ఫోన్ కుయ్యిమన్నప్పుడల్లా గ్రూపులోంచి ఇంకొకడు పోయాడని తెలుస్తోంది. దొంగ సర్టిఫికెట్ ఇచ్చిన పైలట్‌ని రేపు ఎవరైనా నిజంగా పరీక్ష చేయిస్తే లైసెన్సుకే ఎసరొస్తుంది. ఆ మాట నాయనతో అనలేకపోయాను. నాకోసం ఇంకొకర్ని అడగడానికి ఆయన బయల్దేరడం అదే మొదటిసారి.

కుప్పం చేరేసరికి మూడు దాటింది. ఆస్పత్రి షట్టరు మూసి ఉంది. డాక్టరు మూడున్నరకి వస్తాడన్నారు. ఎదురుగా బస్టాండు పక్కన టీ అంగడి. నాయన బెంచీ మీద కూర్చుంటూనే "రెండు టీ, ఫుల్లు" అన్నాడు.

మా పక్కనే ఇద్దరు డ్రైవర్లు ఒక టీ తెప్పించుకుని రెండు గ్లాసుల్లో సగం సగం పోసుకుంటున్నారు. మావైపు డ్రైవర్లంతా అంతే, బై టూ. డబ్బుల్లేక కాదు, పక్కనోడు ఉండాలని. నాయన మాత్రం ఎప్పుడూ ఫుల్లు టీనే తాగేవాడు. మా నాయన ఫుల్లు టీ తాగుతాడని బళ్ళో నేను గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఏదో ఒకటి మాట్లాడాలని, "నువ్వెప్పుడూ బై టూ తాగవెందుకు నాయనా?" అన్నాను.

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"నువ్వు ఆరో క్లాసప్పుడు సమ్మె చేస్తిమి. పదకొండు దినాలు ఒక్క బండీ కదల్లేదు. ఆపైన లారీ డ్రైవర్లను దినకూలికి దించినారు. బయటోళ్ళు మన బండ్లు ఎక్కతా ఉంటే సూడలేకపోతి. మేనేజరు ఒక్కొక్కర్నే రూములోకి పిలిచినాడు. అందురూ డ్యూటీకి వస్తామని సంతకం పెడతాండారు, నువ్వొక్కడివే మిగిలినావు అన్న్యాడు. పెట్టేస్తి. బండి తీసుకోని పోతి. తిరిగొచ్చినాక తెలిసె, నాకంటే ముందర ఎవురూ పెట్టలేదని. నాదే మొదటి సంతకం."

మీరొక్కరే మిగిలారు అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

"మర్సటి దినమే అందురూ వచ్చేసిరి. సమ్మె పోయె. నన్ను ఎవురూ తిట్టలేదప్పా, ఒక్క మాట అన్లేదు. బై టూకి మాత్రం ఎవురూ పిలవలేదు. నేను పిలిస్తే, ఇప్పుడే తాగినా అందురు. పంతొమ్మిదేండ్లు ఒక్కడే తాగితి."

అంతవరకూ మా నాయనకు ఒంటరితనం ఉందని నాకు తెలియదు. ఏడుపొచ్చింది. ఆయన రోడ్డుకు అవతల చూపించాడు.

"డాక్టరు వచ్చినాడు సూడు, షట్టరు తీస్తాండాడు. పోదామా? నేనేం చెప్పేది, నీ ఇష్టం."

నేను లేవలేదు. ఫోన్ తీశాను. రెండుసార్లు తుడిపి రాశాను. నాకు జ్వరం లేదు. గురువారం పెడదామన్నది నేనే. ఒక పేరు అడిగారు కాబట్టి నా పేరు రాస్తున్నాను. నాలుగుకు పన్నెండు నిమిషాలుండగా పంపాను. నాయనకు చదివి వినిపించాను. తల ఊపాడు.

నాలుగు దాటగానే జవాబు వచ్చింది. శిక్షణ జాబితా నుంచి నా పేరు తీసేశారు. మిగతా చర్యలు తరువాత తెలియజేస్తామన్నారు. గ్రూపు తెరిస్తే ఏడుగురం మిగిలి ఉన్నాం. గ్రూపు పెట్టిన నా స్నేహితుడూ ఉన్నాడు.

"ఏమన్న్యారు?" అన్నాడు నాయన.

"తీసేసినారు నాయనా."

తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన సీటు గురించి రెండు మాటల్లో చెప్పేశాను. పుంగనూరులో ఆ ఫ్లెక్సీ ఇంకా వేలాడుతూనే ఉంటుందని గుర్తొచ్చి మరీ బాధేసింది. మా ముందు టీలు రెండూ తాగకుండానే చల్లారిపోయి మీగడ కట్టాయి. నాయన వాటిని పక్కకు జరిపి, అంగడాయన వైపు తిరిగాడు.

"ఒక టీ, బై టూ."

టీ వచ్చింది, ఖాళీ గ్లాసూ వచ్చింది. నాయన తానే పోస్తానన్నాడు. సగమంటే ఎంతవరకో ఆయనకు తెలియలేదు, నా గ్లాసులోకే ఎక్కువ పోసేశాడు.