గెస్ట్‌లో దాచిన గొంతు

మా అక్క బట్టలు కుడుతుంది. కుట్టుమిషన్ మోతను దాటి మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు పెద్దదైపోయింది. ఆమె ఫోనులో మాట్లాడుతుంటే, ఫోను దేనికి, కిటికీ తెరిస్తే చాలదా అనిపిస్తుంది. బావ దీనికి పూర్తిగా విరుద్ధం. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో రోజంతా చెబుతాడు, ఇంటికొస్తే నోరు విప్పడు. ఆ గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక తీసేయకపోతే మనిషి దక్కడన్నారు డాక్టర్లు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రి గదిలో అక్క ఆయన్ని కూర్చోబెట్టి మాటలు రికార్డు చేసింది. ఆమెది బటన్ల ఫోను. అందుకని కూతురు ఇంట్లో వదిలి వెళ్ళిన చిన్న లాప్‌టాప్ తెచ్చుకుంది. చవక రకం, ఇంటర్నెట్ లేకపోతే రికార్డు చేయడం తప్ప దేనికీ పనికిరాదు. బావను లోపలికి తీసుకెళ్ళాక నేను వెళ్ళేసరికి, వరండాలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూతురికి ఫోనులో గొప్పలు పోతోంది.

"నీ సామాను ఏదీ ముట్టుకోలేదే. తెరవగానే గెస్ట్ అని ఉంటే, మనం అలా వచ్చి పోయేవాళ్ళమే కదా అని అదే నొక్కా."

అవతల పిల్ల కేక నాకూ వినిపించింది.

"అమ్మా! గెస్ట్‌లో చేసింది ఏదీ మిగలదే! ఆఫ్ అయిందంటే అంతా చెరిగిపోతుంది. ఛార్జింగ్ ఎంతుంది?"

బ్యాటరీ గుర్తు ఎర్రగా ఉంది. ఛార్జరు ఇంట్లో ఉంది. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మామయ్యకివ్వు. మామయ్యా, నీ ఫోన్ నెట్ ఆన్ చెయ్. ఆ ఫైల్ నాకు పంపు, త్వరగా!"

నా ఫోను నెట్‌కి లాప్‌టాప్‌ను కలిపాను. నెట్ కలిసింది, పోయింది. గోడ వారగా సిగ్నల్ లేదు. ఇద్దరం కిటికీ దగ్గరకు పరుగెత్తాం. కాగితాలు మోస్తున్న నర్సు, "ఇక్కడ నిలబడకూడదు" అంది. "తర్వాత తిట్టమ్మా" అని అక్క కదల్లేదు. ఫైలు కదిలింది. ఎంత వెళ్ళిందో చూపే గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఒరేయ్, పోతోందా, లేదా?"

"పోతోందక్కా, కొంచెం ఊరుకో!"

అక్క నిజంగానే ఊరుకుంది. నా జన్మలో చూడలేదు. నాకు భయమేసింది. తెర మసకబారింది. గీత చివరిదాకా పాకింది. వెళ్ళిందన్న మాట కనబడిందో, కనబడిందనుకున్నానో తెలియదు, తెర నల్లబడిపోయింది.

"వచ్చిందా?" అక్క ఫోను చెవికి నొక్కి పట్టుకుంది. "చెప్పవే!"

నేనూ పక్కన చెవి ఆనించాను. అవతల పిల్ల ఫైలు పెట్టుకుని వింటోంది. తర్వాత పిల్ల ఏడుస్తూ నవ్వింది.

"వచ్చింది. కానీ అంతా నువ్వే మాట్లాడావే అమ్మా! 'గట్టిగా చెప్పండి, ఇటు తిరగండి, దగ్గకండి, మొన్న మీ అన్నయ్య ఏమన్నాడో చెప్పండి, పోనీ నేనే చెబుతా...' నాన్న ఒక్క మాటే అన్నారు."

"ఏమన్నారే?"

"'నాకు చెప్పడానికేం లేదే. నువ్వు మాట్లాడుతూనే ఉండు.'"

అక్క బల్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. సాయంత్రం తలుపులు తెరిచి బావను చక్రాల మంచం మీద తీసుకొచ్చారు. మెడ నిండా కట్లు. కళ్ళు సగం తెరిచి అక్కను వెతుక్కున్నాడు. ఆమె మంచం పక్కనే నడుస్తూ వంగి, ఆయన చెవిలో మొదలుపెట్టింది. ఎవరెవరు వచ్చారో, వరండా ఎంత మురికిగా ఉందో, కూతురు బస్సెక్కబోతోందని.

"ఆయన్ని విశ్రాంతిగా ఉండనివ్వండమ్మా" అంది నర్సు.

అక్క ఆగలేదు. బావ కళ్ళు మూసుకుని, ఆమె వేలు పట్టుకున్నాడు.